రన్‌వే మీద వాటంతట అవే వెలిగే ఎర్ర లైట్లు: మన మామునూరులో పెడతారా?

మామునూరు_మల్లేశం:
అందరికీ నమస్తే. మాది వరంగల్ దగ్గర మామునూరు పక్క ఊరు, ఎయిర్‌పోర్టు జాగకు ఆనుకునే మా పొలం ఉంటది. నిన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. అమెరికాలో ఒక విమానం రన్‌వే ఒడ్డున ఆగి ఉంది, పైలట్ల వెనక నుంచి తీసినట్టున్నారు. ఉన్నట్టుండి ముందర నేలలో ఎర్ర లైట్లు వరుసగా వెలిగాయి. కాసేపటికి ఎడమ పక్క నుంచి ఇంకో విమానం ఉరుక్కుంటూ వచ్చి వీళ్ల ముందర నుంచే పోయింది. చిత్రమేందంటే అది ఇంకా దాటకముందే లైట్లు టప్పున ఆరిపోయాయి. ఆ లైట్లకు ఎవరూ స్విచ్ వేయరంట, వాటంతట అవే వెలుగుతాయని కింద రాసి ఉంది.

రెండు డౌట్లు. ఎవరూ వేయకుండా ఎట్ల వెలుగుతాయి? మన దగ్గర కూడా పెడతారా? మా బామ్మర్దికి చూపిస్తే "విమానం దాటకముందే ఆరిందంటే అది పాడైన లైటు బావా" అని తేల్చేశాడు. తెలిసినవాళ్లు జర చెప్పండి.

హన్మకొండ_హర్ష:
అన్నా, ముందు విమానం రానియ్యి, లైట్ల సంగతి తర్వాత చూద్దాం 😄 నిజాం జమానాలో 1930లో కట్టింది, 1981 నుంచి మూతపడి ఉంది. శంషాబాద్ చుట్టూ 150 కిలోమీటర్ల లోపల ఇంకోటి రావొద్దన్న ఒప్పందం అడ్డంపడి ఇన్నేళ్లు ఆగింది. 2025 ఫిబ్రవరి ఆఖరున కేంద్రం సరే అన్నప్పుడు మా గల్లీలో పటాకులు కాల్చారు. మా తాత సైకిల్ నేర్చుకుంది ఆ రన్‌వే మీదనేనంట, ఎప్పుడు మామునూరు పేరు ఎత్తినా ఆ కథ మొదలుపెడతాడు.

రిటైర్డ్_రమ:
మల్లేశం గారూ, మీ బామ్మర్ది మంచి చోటే పట్టుకున్నారు, కానీ ఆ లైటు పాడవలేదు. నేను చాలా ఏళ్లు ఎయిర్‌పోర్టుల్లో రాడార్, రేడియో పరికరాల మెయింటెనెన్స్ చూసి రిటైరై ఇప్పుడు నక్కలగుట్టలో ఉంటున్నాను. ఈ లైట్లున్న చోట నేను పనిచేయలేదు గానీ, ఇవి ఏ సమాచారం మీద నడుస్తాయో ఆ పరికరాలతోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి చెప్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది.

వీటిని రన్‌వే స్టేటస్ లైట్లు అంటారు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో నేల మీద ఏ విమానం ఎక్కడుందో, ఏ బండి ఎక్కడుందో టవర్‌లో తెర మీద కనపడుతుంది. దానికి మూడు రకాల సమాచారం వస్తుంది. నేలను చూసే రాడార్ ఒకటి. ఎయిర్‌పోర్టు చుట్టూ అక్కడక్కడా పెట్టిన చిన్న రిసీవర్లు ఇంకోటి, విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే పరికరం పంపిన సంకేతం ఏ రిసీవర్‌కు ముందు చేరింది, ఏ రిసీవర్‌కు ఎంత ఆలస్యంగా చేరింది అన్న తేడాను బట్టి చోటు లెక్కగడతాయి. మూడోది విమానమే జీపీఎస్‌తో తన చోటు తెలుసుకుని పంపేది. ఈ మూడూ కలిపి కంప్యూటర్ ప్రతి సెకనుకూ ఎవరు ఎటు, ఎంత వేగంతో పోతున్నారో చూస్తుంటుంది. రన్‌వే మీద ఎవరైనా వేగంగా కదులుతుంటే, ఆ దారిలోకి పక్క నుంచి వచ్చే ప్రతి ట్యాక్సీవే, అంటే విమానాలు రన్‌వే దాకా నడిచి వచ్చే దారి, నోట్లో ఎర్ర లైట్లు తానే వేస్తుంది. మధ్యలో కంట్రోలర్ చెయ్యి లేదు. మీరు చూసినవి ఇవే, రన్‌వే ఎంట్రన్స్ లైట్లు.

అమెరికా లెక్క ప్రకారం టేకాఫ్‌కు పరుగెత్తే విమానం సుమారు 30 నాట్ల వేగం, అంటే గంటకు 55 కిలోమీటర్లు దాటగానే దాని ముందున్న ట్యాక్సీవేలన్నిట్లో ఎరుపు వస్తుంది. దిగే విమానమైతే రన్‌వే మొదలుకు సుమారు ఒక మైలు దూరంలో ఉన్నప్పుడే వెలుగుతాయి. ఇక మీ బామ్మర్ది ప్రశ్న. విమానం ఆ మూల దగ్గరికి రావడానికి మూడు నాలుగు సెకన్లు ఉందనగా అక్కడి లైట్లు ఆరతాయి. కావాలనే అలా పెట్టారు. ఆగి ఉన్న విమానం అనుమతి అందుకుని, ఇంజిన్ పెంచి, కదిలేసరికి ఆ రెండోది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పూర్తిగా దాటేదాకా ఎరుపు ఉంచితే ప్రతి విమానానికీ కొన్ని సెకన్లు వృథా, రద్దీ ఎయిర్‌పోర్టులో అవన్నీ కలిస్తే క్యూ పెరుగుతుంది. మామూలు పనికి అడ్డుపడే లైటును ఎవరూ ఎక్కువ రోజులు ఉండనివ్వరు.

ఇంకో రకం రన్‌వే మీదే ఉంటాయి, టేకాఫ్ హోల్డ్ లైట్లు. మధ్య గీతకు రెండు వైపులా రెండు వరుసలు, విమానం ముందు 1,500 అడుగుల పొడవునా. టేకాఫ్‌కు సిద్ధంగా నిలబడ్డప్పుడు ముందు ఎవరైనా రన్‌వే దాటుతున్నా, దాటబోతున్నా ఇవి ఎర్రబడతాయి. టవర్ టేకాఫ్‌కు అనుమతి ఇచ్చేసినా సరే, ఎరుపు కనిపిస్తే పైలట్ కదలకూడదు. ఎర్ర లైట్ల కోసం ఆగానని టవర్‌కు చెప్పాలి.

కాజీపేట_లోకో:
రమ మేడం, చాలా బాగా చెప్పారు. నేను రైలింజిన్ నడిపేవాడిని, అందుకే ఒకటి మింగుడుపడటం లేదు. ఎర్రగా ఉంటే ఆగాలి, సరే. మరి లైటు వెలగకుండా ఉంటే పోవచ్చా? ఎందుకడుగుతున్నానంటే మా రైల్వేలో ఆరిపోయిన సిగ్నల్ కనపడిందంటే అది ఎర్రగా ఉన్నట్టే లెక్క. బల్బు పోయిందా, కరెంటు పోయిందా, మాకు అనవసరం, ఆగాల్సిందే. ఎర్ర బల్బే మాడిపోతే దాని వెనకున్న సిగ్నల్ ఎర్రబడేలా కూడా ఏర్పాట్లు ఉంటాయి. చీకటి అంటే ప్రమాదం అని మా ఒంట్లో ఇంకిపోయింది. మీరు చెప్పేదాంట్లో చీకటి అంటే ఏంది?

రిటైర్డ్_రమ:
ఏమీ కాదు సార్. లైటు ఆరి ఉంటే అది ఏమీ చెప్పడం లేదని అర్థం, అంతే. పోవచ్చని కాదు, పోవద్దనీ కాదు. పోవడానికి అనుమతి టవర్ నోటి నుంచే రావాలి. అందుకే ఈ ఏర్పాటులో ఆకుపచ్చ పెట్టలేదు. పచ్చ పెట్టి ఉంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దాన్నే అనుమతి అనుకుని దూరేవాళ్లు.

కాజీపేట_లోకో:
అట్లయితే నాకు నచ్చలేదు మేడం, ఏమీ అనుకోవద్దు. యంత్రం చెడిపోయి ఆరిందా, దారి ఖాళీగా ఉండి ఆరిందా, పైలట్‌కు తేడా ఎట్ల తెలుస్తది? మేము సిగ్నల్ కనపడగానే అసిస్టెంట్, నేను ఇద్దరం చెయ్యి చాపి గట్టిగా రంగు పలుకుతాం. లేని రంగును ఎట్ల పలకాలి?

పరకాల_పంతులు:
లోకో అన్నా, రెండూ ఒకటి కాదు. మీ సిగ్నలే మీకు అనుమతి. వాళ్లకు అనుమతి మాట, లైటు కేవలం కాపలా. గుడి ముందు పూజారి ఉంటాడు, కుక్క కూడా ఉంటుంది. కుక్క మొరగలేదు కదా అని గర్భగుడిలోకి పోతామా?

హన్మకొండ_హర్ష:
పంతులు గారూ 😂😂 ఏ గుడి అది, వెయ్యి స్తంభాలదా భద్రకాళిదా?

బీటెక్_బతుకులు:
ఈసీఈ ఫైనలియర్, కిట్స్ కాలేజీ పక్కన రూమ్. నాకో ప్రశ్న. ఇదంతా కంప్యూటర్‌కు తెలిసినప్పుడు టవర్‌లో ఒక అలారం మోగిస్తే చాలదా? నేలంతా తవ్వి లైట్లు పాతడం ఎందుకు? సెమినార్ టాపిక్‌గా తీసుకుందామని చూస్తున్నా కాబట్టి కొంచెం టెక్నికల్‌గా చెప్పండి.

రిటైర్డ్_రమ:
బాబూ, అలారం ముందే ఉంది. నేల రాడార్ ఉన్న పెద్ద ఎయిర్‌పోర్టుల్లో రెండు విమానాలు ఢీకొనేలా ఉంటే టవర్‌లో మోగుతుంది. మోగాక ఏం జరుగుతుందో లెక్కపెట్టు. కంట్రోలర్ తెర చూడాలి, ఏ రెండో గుర్తుపట్టాలి, ఎవరిని ఆపాలో నిర్ణయించాలి, మైక్ నొక్కి మాట్లాడాలి, అదే క్షణంలో ఇంకెవరూ మాట్లాడుతూ ఉండకూడదు, పైలట్ తనకే అని గ్రహించాలి, అప్పుడు బ్రేక్. టేకాఫ్ చివర్లో విమానం గంటకు 250 కిలోమీటర్లు పోతుందనుకో, సెకనుకు 70 మీటర్లు. ఈ మాటల వ్యవహారానికి పది సెకన్లు పడితే 700 మీటర్లు అయిపోయాయి. మన మామునూరు రన్‌వేను 2.8 కిలోమీటర్లకు పెంచుతామంటున్నారు కదా, అందులో నాలుగో వంతు. లైటు అయితే కంప్యూటర్ పసిగట్టిన వెంటనే పైలట్ కంటికే కనపడుతుంది, మధ్యవర్తి లేడు.

సెమినార్‌కు చరిత్ర కావాలంటే లాస్ ఏంజెలెస్ చూడు. 1991 ఫిబ్రవరి 1 సాయంత్రం. ఒక చిన్న విమానాన్ని రన్‌వే మీదికి వచ్చి టేకాఫ్ కోసం ఆగమని చెప్పిన కంట్రోలర్ పని ఒత్తిడిలో దాన్ని మర్చిపోయి, అదే రన్‌వే మీద బోయింగ్ 737కు ల్యాండింగ్ ఇచ్చేసింది. వెనక నుంచి చూస్తే ఆ చిన్నదాని తోక లైట్లు రన్‌వే లైట్లలో కలిసిపోయాయి. 35 మంది పోయారు. మనిషి మర్చిపోతాడు, కాబట్టి పైలట్లకు నేరుగా హెచ్చరిక చేరాలని అక్కడి ప్రమాద దర్యాప్తు బోర్డు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చింది. అక్కడి ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ల లింకన్ ల్యాబ్ ఈ లైట్లను తయారుచేస్తే, 2005లో డల్లాస్ ఫోర్ట్‌వర్త్‌లో పెట్టి చూశారు. ఇప్పుడు అమెరికాలో 20 ఎయిర్‌పోర్టుల్లో ఉన్నాయి, ప్యారిస్‌లో కూడా పెట్టారు.

బీటెక్_బతుకులు:
థాంక్యూ మేడం. కానీ ఆగండి. లాస్ ఏంజెలెస్‌లో గుద్దింది దిగే విమానం కదా? ఆగి ఉన్నదాని ముందు ఎరుపు వస్తే ఏం లాభం, దెబ్బ వెనక నుంచి వస్తుంటే? దిగేవాడికి ఏ లైటు?

రిటైర్డ్_రమ:
శభాష్. సెమినార్‌లో ఎవరైనా ఈ ప్రశ్న అడగాలని కోరుకో. నేను చెప్పిన రెండు రకాల్లో ఏదీ దిగేవాడికి కాదు. దానికి వేరేది ప్రయత్నించారు. రన్‌వే పక్కన పాపి అని నాలుగు లైట్లు ఉంటాయి, ఎత్తు సరిగ్గా ఉందో లేదో తెలుపు ఎరుపులతో చెప్పేవి. కింద రన్‌వే మీద ఎవరైనా ఉంటే అవి టపటపా కొట్టుకునేలా చేసి లాంగ్‌బీచ్‌లో, డల్లాస్‌లో పరీక్షించారు. మిగతా రెండింటిలాగా అది వ్యాపించలేదు. నన్నడిగితే అసలు లోటు అక్కడే ఉంది.

మన ముంబయిది గుర్తుందా, 2024 జూన్ 8? ఒకటి టేకాఫ్‌కు పరుగెడుతూ ఇంకా నేల వదలలేదు, వెనకాలే ఇంకోటి అదే రన్‌వే మీద దిగేసింది. ఆ వీడియో చూసి నాకు రెండు రోజులు కళ్లముందే ఆడింది. అక్కడ కూడా ఎంట్రన్స్ లైట్లు చేయగలిగింది లేదు.

ఓరుగల్లు_ఓపిక:
జపాన్‌లో 2024లో జరిగింది కూడా ఈ లైట్లు పాడవడం వల్లనే కదా? న్యూస్‌లో చెప్పారు, ఎర్ర లైట్లు పనిచేయలేదని.

బీటెక్_బతుకులు:
హనేడా. జనవరి 2. దిగుతున్న ఎయిర్‌బస్ ఏ350లో 379 మంది, అందరూ బయటపడ్డారు. రన్‌వే మీద ఉన్న కోస్ట్‌గార్డ్ విమానంలో ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు, పాపం వాళ్లు భూకంప బాధితులకు సామాన్లు తీసుకుపోతున్నారు. కానీ అక్కడ పనిచేయనివి స్టాప్ బార్ లైట్లు అని చదివినట్టు గుర్తు. రెండూ ఒకటేనా మేడం?

రిటైర్డ్_రమ:
ఒకటి కావు, చాలామంది కలిపేస్తారు. స్టాప్ బార్ అంటే ట్యాక్సీవేకు అడ్డంగా, ఆగాల్సిన గీత దగ్గర వేసిన ఎర్ర వరుస. దాని స్విచ్ కంట్రోలర్ దగ్గరే ఉంటుంది. వాడకంలో ఉన్నప్పుడు వెలుగుతూ ఉంటుంది, అనుమతి ఇచ్చినప్పుడు ఆర్పుతారు. హనేడాలో ఆ చోట అవి డిసెంబర్ చివర నుంచే పనిచేయడం లేదు.

ఒకవేళ అమెరికా లెక్కతో పనిచేసే ఆటోమేటిక్ లైట్లు అక్కడ ఉండి ఉంటే? నేను కూర్చుని లెక్కగట్టాను. దిగే విమానం మైలు దూరంలోకి వస్తేనే లైటు వెలుగుతుంది, అంటే దిగడానికి సుమారు పాతిక సెకన్ల ముందు. కోస్ట్‌గార్డ్ విమానం గుద్దుకునేముందు రన్‌వే మీద 40 సెకన్ల దాకా ఉంది. అది లోపలికి పోయేటప్పటికి లైటు ఇంకా వెలిగి ఉండేది కాదు! టవర్‌లో తెర మీద రంగు మారి హెచ్చరిక వచ్చింది కూడా, కంట్రోలర్ గమనించలేదు. ఆ రోజు పనికొచ్చేవి రెండే, ఒకటి వెలుగుతూ ఉండే స్టాప్ బార్, రెండోది దిగేవాడికి రన్‌వే ఖాళీగా లేదని చెప్పే లైటు.

కాజీపేట_లోకో:
చూశారా! నేను మొదటి నుంచి మొత్తుకుంటున్నది ఇదే కదా. ఎప్పుడూ ఎర్రగా ఉండి, అనుమతి వచ్చినప్పుడు మాత్రమే ఆరేది కావాలె. మీ స్టాప్ బార్ మా సిగ్నల్‌కు చుట్టం. ఆ ఆటోమేటిక్‌ది బంధువు కాదు, పొరుగింటోడు.

జగిత్యాల_టు_గల్ఫ్:
ఈ థ్రెడ్ రెండు రోజుల నుంచి చదువుతున్నా, స్టాప్ బార్ పేరు వచ్చింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. నేను గల్ఫ్‌లో ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో తొమ్మిదేళ్లుగా బండి నడుపుతున్నా. పేరు చెప్పను, అడగొద్దు. రన్‌వే ఊడ్చే బండి. చిన్న రాయి, నట్టు, టైరు ముక్క ఏది ఉన్నా ఇంజిన్‌కు ప్రమాదం కాబట్టి రాత్రి తెల్లవారుజామున ఊడుస్తాం. మా దగ్గర స్టాప్ బార్లు ఇరవై నాలుగు గంటలూ వెలుగుతూనే ఉంటాయి. ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్పారు, టవర్ రా అన్నా సరే, ఎర్ర వరుస ఆరకపోతే టైరు కూడా ఆనించొద్దని. పరీక్షలో అదే ప్రశ్న, తప్పు రాస్తే పర్మిట్ రాదు.

మూడేళ్ల కింద చలికాలం. ఎడారిలో మంచు అంటే ఊళ్లో ఎవరూ నమ్మరు గానీ డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున చెయ్యి కూడా కనపడదు. నేను గీత దగ్గర ఆగి ఉన్నా. రేడియోలో మా బండి నంబర్ పిలిచి దాటమన్నారు. నేను తిరిగి చదివి చెప్పిన. కానీ ముందర లైట్లు ఆరలేదు. పక్క సీట్లో సూపర్‌వైజర్, వేరే దేశం ఆయన, పేరుకు మించిన తొందర. "పర్మిషన్ వచ్చింది కదా, పో పో, వాళ్లు ఆర్పడం మర్చిపోయారు" అన్నాడు. నిజం చెప్పాలంటే కాలు బ్రేక్ మీద నుంచి సగం లేచింది కూడా. అట్లనే ఆగి మళ్లీ రేడియోలో అడిగిన, ఎర్ర లైట్లు ఇంకా ఉన్నాయి, దాటాలా అని. అటు నుంచి జవాబు లేదు. ఒకటి, రెండు, మూడు... తర్వాత "హోల్డ్ పొజిషన్, హోల్డ్ పొజిషన్" అని రెండుసార్లు, గొంతు మారిపోయింది. ఆ మాట అయిపోకముందే మంచులో నుంచి తెల్లటి వెలుగు, ఆ వెనక చప్పుడు, మా బండి అద్దాలు ఊగిపోయాయి. అంత పెద్ద విమానం దిగి పోతుంటే నాకు కనపడింది చక్రాలు ఒక్కటే.

తర్వాత తెలిసింది, ఇంకో రన్‌వే దగ్గర ఆగి ఉన్న బండి నంబర్, మా నంబర్ ఒక అంకె తేడా. వాళ్లను పిలవబోయి మమ్మల్ని పిలిచారు. స్విచ్ మాత్రం వాళ్లవైపు లైట్లకే నొక్కారు. నోరు తప్పింది, చెయ్యి తప్పలేదు. సూపర్‌వైజర్ షిఫ్ట్ అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, క్యాంటీన్‌లో చాయ్ మాత్రం తనే తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. అమ్మ ఈ ఫోరం చదవదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

కాజీపేట_లోకో:
తమ్మీ, చదువుతుంటే నా కాలు కూడా బ్రేక్ కోసం వెతికింది. మంచిగ చేసినవ్.

రిటైర్డ్_రమ:
జగిత్యాల తమ్ముడూ, రెండోసారి అడిగావు చూడు, అది అందరూ చేయరు. నువ్వూ, లోకో గారూ రెండు రకాల లైట్లకు పోటీ పెట్టారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఆ రోజు తప్పు నోటిలో ఉంది, చేతిలో లేదు. అదే రోజు చెయ్యి కూడా తప్పి మీ లైట్లే ఆర్పి ఉంటే? అప్పుడు మిమ్మల్ని ఆపడానికి ఆటోమేటిక్ లైటే కావాలి, విమానం దగ్గరికొచ్చేసింది కాబట్టి అది తప్పకుండా ఎర్రబడి ఉండేది. అందుకే ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని నేను అనను.

పరకాల_పంతులు:
ఈ ఎర్ర లైటు విమానానికి తానే బ్రేక్ వేస్తుందా, రైళ్లలో కవచ్ లాగా? మన సికింద్రాబాద్ డివిజన్‌లోనే గుల్లగూడ, చిట్గిద్ద మధ్య 2022 మార్చిలో రైల్వే మంత్రి ఇంజిన్‌లో కూర్చుని చూశారు కదా, ఎదురుగా రైలు ఉంటే అదే ఆగిపోయింది.

రిటైర్డ్_రమ:
వేయదు సార్. నేల మీద రైలును ఆపితే ఆగి ఉంటుంది. టేకాఫ్‌లో ఒక వేగం దాటాక ఆపడమే ఎక్కువ ప్రమాదం, రన్‌వే చాలదు. ఆ నిర్ణయం పైలట్‌దే. ఆపలేని వేగంలో ఉన్నప్పుడు ఎరుపు కనపడితే ఏం చేయాలో ఆయన తెలివికే వదిలేశారు.

ఓరుగల్లు_ఓపిక:
అన్నీ బాగున్నాయి గానీ ఇంత ఖర్చు పెట్టి మామునూరులో పెడతారా లేదా, మల్లేశం అన్న అడిగింది అది. భూమి కోసమే రాష్ట్రం 205 కోట్లు ఇచ్చింది, అవి అందరికీ సరిగ్గా అందాయా లేదా ఎవరైనా చెప్తారా? మా చిన్నాయన వాళ్లది ఎకరంన్నర...

అడ్మిన్:
భూముల రేట్లు, పరిహారం చర్చ వేరే థ్రెడ్‌లో నడుస్తోంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ లైట్లు మాత్రమే. కింద వచ్చిన నాలుగు పోస్టులు అక్కడికి మార్చాను.

రిటైర్డ్_రమ:
మల్లేశం గారికి బాకీ ఉన్న జవాబు. మొదట్లో పెట్టరు, పెట్టాల్సిన పని కూడా లేదని నా అభిప్రాయం. ఈ లైట్లకు కళ్లు నేల రాడార్, రిసీవర్లు. అవి లేకుండా లైట్లు పాతితే గుడ్డివాడి చేతికి టార్చి ఇచ్చినట్టు. ఒకటే రన్‌వే, రోజుకు నాలుగైదు చిన్న విమానాలు వచ్చిపోయే చోట ఒక విమానం మీదికి ఇంకోటి వచ్చే అవకాశం చాలా తక్కువ. చిన్నచోట్ల రన్‌వే మీదికి వచ్చేవాళ్లు వేరు. సూరత్‌లో 2014 నవంబర్‌లో టేకాఫ్‌కు పరుగెడుతున్న బోయింగ్ 737 గేదెను గుద్దింది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో జబల్‌పూర్‌లో దిగిన విమానం అడవి పందులను గుద్ది పక్కకు పోయింది. గేదెకు ట్రాన్స్‌పాండర్ ఉండదు, ఎర్ర లైటు వెలిగినా ఆగదు. కాబట్టి మామునూరుకు మొదట కావాల్సింది మంచి గోడ, గోడ చుట్టూ తిరిగే జీపు, గోడ పక్కన చెత్త, మాంసం వ్యర్థాలు వేయకుండా చూసే మున్సిపాలిటీ, లేకపోతే గద్దలు మూగుతాయి. పొగమంచు రోజుల కోసం స్టాప్ బార్లు ఎలాగూ అడగాలి.

మామునూరు_మల్లేశం:
మేడం, గేదెల సంగతి ఎత్తారు కాబట్టి నిజం ఒప్పుకుంటున్నా, మా రెండు బర్రెలు పోయిన ఎండాకాలం దాకా ఆ రన్‌వే పక్కనే మేసినయి. గడ్డి మస్తు ఉంటది అక్కడ. ఇప్పుడు పంపట్లేదు.

హన్మకొండ_హర్ష:
అన్నా నువ్వే ఆ రన్‌వే మొదటి ప్రమాదానివి 😄

జగిత్యాల_టు_గల్ఫ్:
మల్లేశం అన్నా, ఎయిర్‌పోర్టు వచ్చాక లోపల బండ్లు నడిపే డ్రైవర్లు కావాలంటారు. మన పిల్లలకు ఇప్పుడే చెప్పి పెట్టండి. లైసెన్సు ఒక్కటే చాలదు, రేడియోలో ఇంగ్లీషు ముక్కలు అర్థం కావాలి, చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పడం రావాలి. మా దగ్గర మనోళ్లు చాలామంది ఆ రేడియో పరీక్షకే భయపడి లగేజీ బండ్ల దగ్గర ఆగిపోయారు. ఎవరికైనా కావాలంటే నేను సెలవుకు వచ్చినప్పుడు కూర్చోబెట్టి నేర్పిస్తా, ఫ్రీగానే. ఇప్పుడు డ్యూటీ టైమైంది, ఉంటా.

కాజీపేట_లోకో:
మా పెద్దోడికి చెప్తా తమ్మీ. రైల్వే వద్దంటున్నాడు, నన్ను చూసి విసిగిపోయినట్టున్నాడు. నీకు మెసేజ్ పెడతా.

బీటెక్_బతుకులు:
రమ మేడం, సెమినార్ టాపిక్ ఖరారు. మీ ఆరిన లైటు పాయింటే మొదటి స్లైడ్. గైడ్‌కు చెప్తే "ఎర్ర లైటు గురించి అందరూ చెప్తారు, ఆరిన లైటు గురించి చెప్పేదేముంది" అన్నారు. లోకో అన్నను పిలుచుకుపోతా అప్పుడు.

మామునూరు_మల్లేశం:
అందరికీ మస్తు థాంక్స్. ఈ థ్రెడ్ మొత్తం మా బామ్మర్దికి చదివి వినిపించిన, గంట పట్టింది. అంతా విని "ఎర్రగా ఉంటే పోవద్దు, సరే. ఆరితే కూడా పోవద్దంటున్నవ్. మరి ఎప్పుడు పోవాలె బావా?" అన్నాడు. టవర్ చెప్పినప్పుడు అన్నా. "మన టవర్ ఏది?" అన్నాడు. ఇంకా కట్టలేదురా అన్నా.